చెవి మిషనుకు చివరి క్లిక్

మానవజాతి ఉచిత సలహాల యుగం నుంచి శాశ్వతంగా విముక్తి పొందింది. ఈ సంగతి ఇంకా తెలియనివారు ఎవరైనా ఉంటే తప్పు వారిది కాదు. వారికెవరూ లింకు పంపి ఉండరు.

వెనకటి రోజులు తలచుకుంటే సిగ్గేస్తుంది. పక్కింటావిడ పిట్టగోడ మీదుగా తొంగిచూసి, ఫలానా కుక్కరు తీసుకోండి, అడుగంటదు అని చెప్పేది. మనం వెళ్లి అదే కొనుక్కునేవాళ్లం. అది నిజంగానే అడుగంటేది కాదు. దుకాణదారుకు లాభం వచ్చింది, మనకు భోజనం వచ్చింది, మరి పక్కింటావిడకు ఏమొచ్చింది? మహా అయితే మర్నాడు మళ్లీ తొంగిచూసి, ఎలా ఉందని అడిగి, బాగుందనిపించుకుని, తృప్తిగా లోపలికి వెళ్లి తన పని చూసుకునేది. ఒకరి నోటిమాట మీద ఇంకొకరి సరుకు అమ్ముడుపోతే ఆ మాటకు దక్కిన కూలి తృప్తి. ఈ దోపిడీ వేల ఏళ్లు సాగినా చరిత్రకారులు ఒక్క ముక్క రాయలేదు (వారికీ ఎవరూ ఏమీ ఇచ్చి ఉండరు).

ఆ అన్యాయాన్ని సరిదిద్దిన మహత్తర ఏర్పాటు పేరు అఫిలియేట్ మార్కెటింగ్. ఇళ్లలో దీన్ని లింకుల పని అంటారు. దీని పుట్టుపూర్వోత్తరాలు నేను మా బావ నోట విన్నాను. బావ అంటే మా అక్క భర్త. పైకి డ్రై క్లీనింగ్ దుకాణం నడుపుతాడు.

బావ చెప్పేదాని ప్రకారం, నెట్ మీద మొట్టమొదట దుకాణాలు వెలిసినప్పుడు వాటిలోకి పురుగు కూడా వచ్చేది కాదట. రోడ్డు మీద దుకాణమైతే వానకు తలదాచుకోవడానికైనా నలుగురు మెట్లెక్కుతారు. నెట్ మీద వాన కూడా పడదు. అలా ఈగలు తోలుకుంటూ కూర్చున్న ఒకానొక దుకాణదారుకు (పేరు బావకూ తెలియదు కానీ, ఆయన ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నిలబడతాడు) ఒక ఆలోచన తట్టింది. ఆ రోజుల్లో నెట్ మీద ఊరికే రాసుకునే అమాయకులు కొందరుండేవారు. ఒకరు పూలమొక్కల గురించి రాసేవారు, ఒకరు చేపల తొట్ల గురించి రాసేవారు. మీ రాతల కింద నా దుకాణానికి దారి పెట్టండి, ఆ దారిన వచ్చి ఎవరేం కొన్నా మీకు వాటా ఇస్తాను అన్నాడాయన. ఎవరి దారిన వచ్చారో తెలియడానికి ప్రతి దారికీ ఒక తోక తగిలించాడు. లింకు పుట్టింది. మర్నాటి నుంచి పూలమొక్కల వారు పూలకుండీల గురించి రాయడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి మొక్కలు పెంచడం మానేశారు, కుండీల మీద రాయడానికి తీరిక చాలక.

అక్కడి నుంచి ఈ విద్య పెరిగిన తీరు చెప్పతరం కాదు. నేల మీద పడుకునేవారు పరుపుల మీద తీర్పులిచ్చారు. నున్నటి గుండువారు దువ్వెనల్లో ఉత్తమమైన పదింటిని ఎంపిక చేశారు. లింకు నొక్కినవాడి ఫోనులో నొక్కించినవాడి గుర్తు ఒకటి ముప్పై రోజులు అంటుకుని ఉంటుంది. ఈలోగా ఇంకొకరి లింకు నొక్కితే పాత గుర్తు పోయి కొత్తది అంటుకుంటుంది. కొనే ముందు చివరగా ఎవరి లింకు నొక్కితే వాటా అంతా వాళ్లదే. అంటే, ఆగిపోయిన కారును పదిమంది చెమటలు కక్కుతూ వీధంతా తోశాక, ఇంజను అందుకున్న క్షణాన డిక్కీ మీద చెయ్యి వేసినవాడిదే కష్టమంతా. దీన్ని చివరి క్లిక్ సూత్రం అంటారు. ఇది న్యాయమేనా అని కొందరు అడిగారు. లెక్క తేలిక అని జవాబు వచ్చింది.

ఇంత తేలికైన లెక్క ఉన్నాక ప్రభుత్వం చూస్తూ ఊరుకోదు కదా. సిఫార్సుల శాఖ ఏర్పడింది. కారకుడు లేని కొనుగోలు ఉండరాదు అని ఆ శాఖ మొదటి నిబంధన. అప్పటి నుంచి ప్రతి రసీదు మీదా 'ఎవరి ద్వారా' అనే గడి వచ్చింది. మా వీధి చివర సెలూన్ అతను కూడా కుర్చీలో కూర్చోగానే, తువ్వాలు మెడకు చుట్టకముందే, ఎవరి ద్వారా వచ్చారని అడుగుతున్నాడు. జుట్టు పెరిగి వచ్చానయ్యా అంటే, ఆ పేరు మీద ఖాతా లేదండీ అంటున్నాడు. రెండో నిబంధన ఇంకా పదునైనది. శాఖ ఖాతాకు ఇచ్చే కోడు లేకుండా ఊరికే సిఫార్సు చేయడం నేరం. ఒక పెద్దాయన బస్టాపులో పక్కనున్న వారితో ఫలానా చెప్పుల దుకాణం మంచిదని అన్నందుకు హెచ్చరిక పత్రం అందుకున్నాడు. విచారణలో ఆయన, నా కాళ్లకు హాయిగా ఉంది కాబట్టి చెప్పానండీ అని ఒప్పుకున్నాడు (దీంతో కేసు మరింత బిగుసుకుంది).

ఇక మా ఇంటి సంగతి.

మా అన్నయ్య నీళ్ల శాఖలో మీటర్లు చూసే గుమాస్తా. సాయంత్రాలు 'ఉత్తమమైన పది' అనే సైటు నడుపుతాడు. ఫ్యాన్లు, పరుపులు, గొడుగులు, ఏదైనా సరే పదే ఉంటాయి, అన్నీ ఉత్తమమైనవే ఉంటాయి, వాటా ఎక్కువ ఇచ్చేది మొదట ఉంటుంది. తన గదిలో ఫ్యాను మాత్రం కిర్రుకిర్రుమంటుంది. మా అక్క పెట్టెలు విప్పే వీడియోలు చేస్తుంది. కొత్త పెట్టె తెచ్చి, కత్తెరతో టేపు కోసి, లోపలి వస్తువు చూసి ఆశ్చర్యపోయి, మళ్లీ టేపు వేసి వెనక్కి పంపేస్తుంది. వాళ్లింట్లో వాడదామంటే ఒక్క వస్తువు ఉండదు, ఆశ్చర్యం మాత్రం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. బావది కూపన్ల సైటు. ఎవరో చెబితే ఎవరో ఎంచుకుని, డబ్బు కట్టబోయే ఆఖరి క్షణంలో, ఆగండాగండి, తగ్గింపు ఉందేమో చూద్దాం అంటూ అడ్డం పడి తన గుర్తు అంటించడం ఆయన పని. తగ్గింపు ఉండదు. గుర్తు ఉంటుంది. నేను పత్రికలో ఈ శీర్షిక రాసుకునేవాణ్ణి కాబట్టి అలాంటి పనులకు పాల్పడను. నా వ్యాసాల అడుగున నిజాయితీగా ఒక్క లింకు పెడతాను, అంతే.

అమ్మకు ఏ లింకూ లేదు. రిటైరయ్యేదాకా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. ఒక చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని, ఎవరు కావాలి అని అడిగి, వాళ్లను వీళ్లకూ వీళ్లను వాళ్లకూ కలుపుతూ బతుకంతా గడిపింది. అన్ని వేలమందిని కలిపి కూడా వాటా అడగాలని తోచలేదు ఆవిడకు. ఆ చెవి ఎప్పుడో పోయింది, రెండో చెవి ఇప్పుడు పోతోంది.

చెవి పోతే లోకంలో చాలా గోల తప్పుతుందని అమ్మే నవ్వుతూ అనేది, ఒక్క ఫోను విషయంలో తప్ప. ఎక్స్ఛేంజీలో అమ్మ పక్క బోర్డు మీద కూర్చున్న స్నేహితురాలు ఒకావిడ ఉంది. మేమంతా ఆవిణ్ణి రెండో బోర్డు పిన్ని అంటాం. రోజూ దీపాలు పెట్టే వేళకు ఫోను చేస్తుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇతరుల మాటలే కలిపారు గదా, ఇప్పుడు సొంత మాటలు చెప్పుకుంటారు. ఆ ఫోను కోసం అమ్మ మధ్యాహ్నం నుంచే ఎదురు చూస్తుంది. ఆర్నెల్లుగా పిన్ని మాట అమ్మకు గొణుగుడులా తప్ప వినపడటం లేదు. అయినా ఫోను పెట్టేయడం ఇష్టం లేక, అవునా, ఆహా, మంచిదేలే అనే మూడు మాటలు వంతులవారీగా వాడుతూ నెట్టుకొచ్చింది. ఒకరోజు పిన్ని తన అన్నగారు పోయారని చెప్పింది. అప్పటికి వంతు 'మంచిదేలే' అనే మాటది.

ఆ తర్వాత వారం రోజులు ఫోను మోగలేదు. అన్నగారు పోయిన కబురు మూడో మనిషి ద్వారా తెలిసినప్పుడు అమ్మ ముఖం చూడలేకపోయాం. ఆ సాయంత్రం మా అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, "నాకు చెవి మిషను కొనిపెట్టండిరా. ఇంకోసారి అలా అన్నానంటే అది ఇక ఫోను చెయ్యదు" అంది.

మా గుండెలు కరిగిపోయాయి. అన్నయ్య కళ్లు తుడుచుకున్నాడు. అక్క అమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత నలుగురం నాలుగు ఫోనులు తీశాం.

అన్నయ్య రాత్రికి రాత్రే ఉత్తమమైన పది చెవి మిషన్లు అని రాసి అమ్మకు లింకు పంపాడు. అక్క ఒక మిషను పెట్టె తెప్పించి, విప్పి, అమ్మ ఎదురుగానే ఆశ్చర్యపోయి, మళ్లీ టేపు వేసి పంపేసి, లింకు పంపింది. అమ్మ పిల్లల మధ్య భేదం చూపే మనిషి కాదు. పొద్దున అన్నయ్యది నొక్కింది, మధ్యాహ్నం అక్కది నొక్కింది. భోజనాలప్పుడు అన్నయ్య పైనుంచి దిగివచ్చి, చెయ్యి జారిందేమో చూస్తానమ్మా అని ఫోను తీసుకుని మళ్లీ తనది నొక్కాడు. బావ మాత్రం తొందర పడలేదు. తగ్గింపు వస్తుంది, ఆగండి అంటూ మధ్యమధ్య అమ్మ ఫోనులో తన కూపన్ల పేజీ తెరిచి చూసేవాడు. నేను నా వ్యాసం అడుగున ఉన్న లింకు, నిజాయితీగానే, నొక్కించాను. ఎవరికి వాళ్లం చివరి క్లిక్ మనదయ్యాకే కొనాలని పట్టుబట్టడం వల్ల, కొనడమనే ఆ ఒక్క పని ఎవరూ చేయలేదు. ఎండలు పోయి వానలొచ్చాయి. పిన్ని కోపం దిగి మళ్లీ ఫోను చేయడం మొదలుపెట్టింది కానీ మాటలు తగ్గాయి. అమ్మ ఇప్పుడు భయపడి అవునా అనే ఒక్క మాటే వాడుతోంది.

ఈలోగా శాఖ నుంచి నోటీసు వచ్చింది. అమ్మ నంబరు మీద నాలుగు గుర్తులు ఒకదాన్నొకటి తోసుకోవడం వారి దృష్టికి వచ్చిందట. ఖాతాదారు తన కుటుంబ సభ్యులకు సిఫార్సు చేయరాదని నిబంధన గుర్తుచేశారు. ప్రేమ కొద్దీ చెప్పే సలహాలో పక్షపాతం ఉంటుందనీ, వాటా కోసం చెప్పేదే నిష్పాక్షికమనీ వివరణ కూడా జత చేశారు. సదరు కొనుగోలుదారు మీకు బంధువు కాదని హామీపత్రం ఇస్తే తప్ప ఎవరి లింకూ చెల్లదని, అబద్ధమని తేలితే ఖాతా రద్దని రాశారు.

హాల్లో మళ్లీ సమావేశమయ్యాం. అన్నయ్య నోటీసు రెండుసార్లు చదివాడు. బావ మాత్రం, ఇందులో ఏముంది, కాగితమే కదా అన్నాడు. అమ్మ మంచికోసమే కదా అంది అక్క. పోయేదేముంది, బంధుత్వం కాగితం మీద ఉంటుందా, రక్తంలో ఉంటుంది అని నేనన్నాను. ఈ వాక్యం నాకు చాలా నచ్చడంతో హామీపత్రం ముసాయిదా రాసే పని నాకే అప్పగించారు. 'పై వృద్ధురాలితో నాకు ఎట్టి బంధుత్వమూ లేదని, గతంలోనూ లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది' అని రాశాను. 'గతంలోనూ' అన్నది నా సొంత చేర్పు. నలుగురం తలో పత్రం మీద సంతకం పెట్టాం. చూస్తే కింద సాక్షి సంతకం కావాలని ఉంది. ఆ సమయానికి ఇంట్లో ఖాళీగా ఉన్నది అమ్మ ఒక్కతే.

అమ్మకు పోయింది చెవే కానీ కన్ను కాదు. కళ్లజోడు పెట్టుకుని నాలుగు పత్రాలూ పైనుంచి కిందికి చదివింది. అడిగిన చోటల్లా గుండ్రటి అక్షరాలతో సంతకం చేసి, కలం మూత పెట్టి నాకిచ్చింది. తర్వాత నా వైపు చూసి "బాగా రాశావు" అంది. మెచ్చుకోలు వింటే పొంగిపోయే అలవాటు కొద్దీ నేను పొంగిపోయాను.

మర్నాడు పొద్దున అమ్మ ఇంట్లో లేదు.

ఏం జరిగిందో తర్వాత పిన్ని నోటే తెలిసింది. అమ్మ రెండు బస్సులు మారి నేరుగా పిన్ని ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన పిన్నికి, నీ మాట నాకు వినపడక అలా అన్నానే, మీ అన్నయ్య పోయినందుకు నాకు ఏడుపొచ్చింది అని చెప్పింది. పిన్ని ఏదో అంది. అమ్మ అలవాటు కొద్దీ అవునా అంది. అప్పుడు పిన్ని తన చెవిలోని మిషను తీసి, చీరకొంగుతో తుడిచి, అమ్మ చెవిలో పెట్టింది.

"ఆర్నెల్ల నుంచి రోజూ ఫోనులో నీకు చెప్పేది ఇదేనే మొద్దూ. నేనీ మిషను పెట్టుకున్నాను, బాగా వినపడుతోంది, నువ్వూ ఇదే కొనుక్కో అని."

ఇద్దరూ ఆ మిషనును అటొకసారి ఇటొకసారి మార్చుకుంటూ మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నారట. సాయంత్రం దుకాణానికి వెళ్లారు. కౌంటరు అమ్మాయి అమ్మ నంబరు కొట్టగానే తెర ఎర్రబడింది. 'ఎవరి ద్వారా' గడిలో నలుగురు హక్కుదారులు కనపడ్డారు. పక్కనున్న పిన్ని కలగజేసుకుని, వాళ్లెవరూ కాదమ్మా, నేనే చెప్పాను అంది. మీ కోడు చెప్పండి అంది అమ్మాయి. కోడు లేదు, బాగుందని చెప్పాను అంది పిన్ని. అమ్మాయి చప్పున లేచి లోపలికి వెళ్లి శాఖకు ఫోను చేసింది.

మాకు కబురొచ్చి నలుగురం ఉరికేసరికి దుకాణంలో చివరి క్లిక్ నిర్ధారణాధికారి కూర్చుని ఉన్నారు. సన్నగా, మర్యాదగా, ఎవరికీ కష్టం కలిగించడం ఇష్టం లేని మనిషిలా ఉన్నారు (శాఖలో అలాంటివారినే నియమిస్తారు). ముందు పిన్ని సంగతి తేల్చారు. కోడు లేకుండా సిఫార్సు చేసినట్టు ఒప్పుకుంటున్నారా అని అడిగారు. ఒప్పుకుంటున్నాను, రేపు ఇంకొకరికి కూడా చెబుతాను అంది పిన్ని. ఆయన నొచ్చుకుంటూ హెచ్చరిక పత్రం రాసిచ్చారు. గోడకు తగిలించుకుంటాను, కాస్త అక్షరాలు పెద్దవిగా రాయండి అని అడిగింది పిన్ని.

తర్వాత మా వైపు తిరిగారు. ముందు రాత్రే శాఖకు పంపిన మా నాలుగు హామీపత్రాలు ఆయన ఫైల్లో ఉన్నాయి. పిన్ని తన మిషను తీసి అమ్మ చెవిలో పెట్టింది.

"వీళ్లు మీకేమవుతారమ్మా?" అని అడిగారు అధికారి.

అమ్మ మమ్మల్ని ఒక్కొక్కర్నీ చూసింది. కోపంగా చూసినా బాగుండేది. బస్సులో ఎదురు సీటు వాళ్లను చూసినట్టు చూసింది.

"ఏమీ అవరండీ. గతంలో కూడా అవరట. సాక్షి సంతకం నాదే."

అధికారి మమ్మల్ని అడిగారు. నిజమేనా అన్నారు. మా అమ్మ అండీ అని ఒక్క మాట అంటే చాలు. అంటే నాలుగు ఖాతాలూ అక్కడికక్కడే రద్దవుతాయి. అన్నయ్య తల పైకెత్తి దుకాణంలోని ఫ్యానును పరిశీలించాడు (అతని పదింటిలో అది ఏడోది). అక్క నోరు తెరిచింది కానీ అలవాటైన ఆశ్చర్యం తప్ప ఇంకేమీ బయటికి రాలేదు. బావ, ఒక్క నిమిషం ఆగితే అన్నాడు, ఎందుకు ఆగాలో చెప్పలేదు. నేను ఆ వాక్యం రాసినవాణ్ణి. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లుగా ఈ శీర్షికలో సిగ్గు గురించి చాలాసార్లు రాశాను కానీ నిజంగా వేస్తే చెవులు వేడెక్కుతాయని అప్పుడే తెలిసింది. చెవులు వేడెక్కాయి కానీ నోరు పెగల్లేదు.

అధికారి ఫైలు మూసి నిర్ణయం ప్రకటించారు. కొనుగోలుదారు ఎవరి లింకూ నొక్కి రాలేదు, బస్సెక్కి వచ్చింది కాబట్టి నలుగురి హక్కూ చెల్లదు. సలహా ఇచ్చినవారికి కోడు లేదు కాబట్టి ఆ సలహా జరగలేదు. కారకుడంటూ లేని ఇలాంటి వాటికి శాఖలో ప్రత్యేకంగా ఒక పేరుంది, అనాథ కొనుగోలు. రసీదు మీద ఆ ముద్ర వేసి అమ్మకు ఇచ్చారు. మా హామీపత్రాలు సక్రమంగా ఉన్నందున మా ఖాతాలు అలాగే కొనసాగుతాయని అభినందించారు.

అమ్మకు ఇప్పుడు బాగా వినపడుతోంది. దీపాలు పెట్టే వేళకు పిన్ని ఫోను వస్తుంది. భోజనాల వేళ దాటినా ఆ మాటలు తెగవు, మధ్యలో నవ్వులు వినిపిస్తాయి. ఆ మిషను చాలా మంచిదని చుట్టుపక్కల అందరూ అంటున్నారు. పేరు రాయడానికి నాకు అనుమతి లేదు.

మేం నలుగురం మునుపటిలాగే ఉన్నాం. సాయంత్రాలు అమ్మ గది గుమ్మం దగ్గర నిలబడి అమ్మా అని పిలుస్తాం. ఇదివరకు మూడుసార్లు అరిస్తే గానీ పలికేది కాదు. ఇప్పుడు మెల్లగా పిలిచినా చాలు, ఫోను కొంచెం పక్కకు పెట్టి, ఎక్స్ఛేంజీ నాటి ఆ తియ్యటి గొంతుతో వెంటనే అడుగుతుంది.

"ఎవరండీ? ఎవరి ద్వారా వచ్చారు?"